కిశోర్ చంద్రదేవ్: కోటలో పుట్టిన నాయకుడు, కొండకు చేరిన చట్టం

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తప్పులుంటే కింద చెప్పండి, దిద్దుకుంటాం.

పోయిన వారం రాత్రి భోజనాలయ్యాక మా రూములో ఒక వాదన లేచింది. వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ గారు మన నాయకుడా, కాదా అని. "రాజుగారు పార్లమెంటులో మన గురించి మాట్లాడినంతగా ఇంకెవరు మాట్లాడారు?" అని ఒకరు. "రాజు రాజే. ఆయనకి కోట ఉంది, మనకి కొండ ఉంది. రెండూ ఒకటెలా అవుతాయి?" అని ఇంకొకరు. మాలో సగం మంది కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు వైపు వాళ్లం, మిగతావాళ్లం పాడేరు, అరకు వైపు. ఆయన పేరు తెలియని ఇల్లు మా ఊళ్లలో లేదు. కానీ ఆయన ఏం చేశారు అని అడిగితే గట్టిగా చెప్పగలిగినవాళ్లు మాలో ఇద్దరు కూడా లేరు. అది మాకే సిగ్గనిపించింది. అందుకని కూర్చుని, చదివి, పెద్దవాళ్లని అడిగి ఇది రాస్తున్నాం.

ముందు ఆయన పుట్టిన కాలం సంగతి. ఆయన పుట్టింది 1947 ఫిబ్రవరి 15న, కురుపాం జమీందారీ కుటుంబంలో. అప్పటికి ఇంకా దేశానికి స్వాతంత్ర్యం రాలేదు. ఆ మరుసటి ఏడాది, 1948లో, మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది. అంటే ఆయన పాకే వయసుకే జమీందారీల పని అయిపోయింది. శిస్తు వసూలు చేసే అధికారం పోయింది. కానీ జనం నోట్లో "రాజుగారు" అనే పిలుపు మాత్రం పోలేదు. ఇప్పటికీ మా తాతలు ఆయన పేరు పెట్టి చెప్పరు, రాజుగారు అనే అంటారు.

జమీందారీ పోతే కొండ మీద మన బతుకు మారిపోయిందా? లేదు. జమీందారు పోయాక సావుకారు మిగిలాడు. ఉప్పుకి, బట్టకి, పెళ్లికి, చావుకి అప్పు. అప్పు తీరకపోతే పంట పోయేది, ఆ తర్వాత భూమి పోయేది, చివరికి కొడుకుని కంబారికి పెట్టాల్సి వచ్చేది. ఇంకోవైపు అడవిశాఖ. పోడు కొడితే కేసు, కట్టె తెస్తే కేసు. ఈ బాధలోంచే కురుపాం, పార్వతీపురం ఏజెన్సీలో గిరిజన సంఘం పుట్టింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు పంతుళ్లు సవరల్ని, జాతాపుల్ని కూడగట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే సంఘం సభకి జనం పోతుంటే లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ కేసులో ముద్దాయిలు కోర్టులో విడుదలయ్యారు. న్యాయం దొరకలేదన్న కోపం నుంచే శ్రీకాకుళ సాయుధ పోరాటం రాజుకుంది. 1970 జూలైలో సత్యం, కైలాసం ఇద్దరూ చనిపోయారు. అదే ఏడాది ప్రభుత్వం 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని గట్టి చేసి, మనమంతా ఇవాళ "వన్ ఆఫ్ సెవెంటీ" అని పిలుచుకునే చట్టం తెచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, కిశోర్ చంద్రదేవ్ గారు మొదటిసారి ఓట్లు అడగడానికి వచ్చింది ఈ నేలకే. లేవిడి కాల్పులు జరిగి అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు. జైళ్లకి పోయినవాళ్లు, ఊళ్లు ఖాళీ చేసి అడవిలో తలదాచుకున్నవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అలాంటిచోట 1977లో పార్వతీపురం ఎస్టీ రిజర్వుడు సీటు నుంచి కాంగ్రెస్ తరఫున ముప్పై ఏళ్ల వయసులో ఆయన లోక్‌సభకి వెళ్లారు. ఆ ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయినా, ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో 41 గెలిచింది. కాబట్టి ఆ గెలుపులో గాలి కూడా ఉంది, కోట పేరు కూడా ఉంది. అది ఒప్పుకోవాలి.

అసలు విశేషం ఆ తర్వాతి ఎన్నికలది. కాంగ్రెస్ చీలిపోయినప్పుడు ఆయన ఇందిరాగాంధీ వైపు ఉండలేదు. 1979లో చరణ్ సింగ్ ప్రభుత్వంలో ఉక్కు, గనులు, బొగ్గు శాఖల సహాయ మంత్రి అయ్యారు. ఆ ప్రభుత్వం నిలవలేదు. 1980లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి ఇందిరా కాంగ్రెస్ ఆంధ్రలో మళ్లీ 41 సీట్లు కొట్టింది. మిగిలిన ఆ ఒక్క సీటు పార్వతీపురం. గెలిచింది కిశోర్ చంద్రదేవ్, దేవరాజ్ అర్స్ కాంగ్రెస్ నుంచి. రాష్ట్రమంతా ఒకవైపు పోతుంటే ఈ ఒక్క కొండ సీటు ఇంకోవైపు నిలబడింది. 1984లో ఎన్టీఆర్ గాలి బలంగా ఉన్నప్పుడు కూడా కాంగ్రెస్ ఎస్ అభ్యర్థిగా ఆయనే గెలిచారు. వరుసగా మూడుసార్లు, మూడు రకాల కాంగ్రెస్ పేర్ల మీద.

దీన్ని రెండు రకాలుగా చూడొచ్చు. పార్టీ ఏదైనా జనం ఆయన్ని నమ్మారు అనొచ్చు. పార్టీ ఏదైనా కోట మాటే చెల్లింది అనీ అనొచ్చు. మా తాతల్ని అడిగితే రెండూ నిజమే అంటారు. "అప్పట్లో గుర్తు చూసి కాదురా, మనిషిని చూసి వేశాం" అన్నారు ఒక తాత. ఇంకొక తాత నవ్వేసి, "ఊరి పెద్ద ఎటు చెబితే అటు వేశాం, అంతే" అన్నారు.

తర్వాత ఆయన తిరిగి కాంగ్రెస్‌లోకి వచ్చారు. 1989 నుంచి చాలాకాలం పార్వతీపురం సీటు వేరేవాళ్లది. 1994 నుంచి 2000 దాకా ఆయన రాజ్యసభ సభ్యుడిగా ఉన్నారు. 2004లో మళ్లీ పార్వతీపురం నుంచే లోక్‌సభకి గెలిచారు. ఇక్కడి నుంచి మొదలయ్యేది మన ప్రతి ఇంటికీ సంబంధించిన కథ.

మన పెద్దవాళ్లు తరాలుగా సాగు చేసుకుంటున్న కొండభూమికి కాగితం లేదు. అడవిశాఖ లెక్కలో అది రిజర్వు ఫారెస్టు, మనం ఆక్రమణదారులం. 1980 అక్టోబరు 25న అటవీ సంరక్షణ చట్టం వచ్చాక ఆ ముడి ఇంకా బిగిసింది. 2002 మే నెలలో కేంద్ర అటవీశాఖ ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలకి ఉత్తర్వు పంపింది. దేశమంతా ఆదివాసీల గుడిసెలు కూల్చారు, పంటలు తొక్కించారు. దానిమీద ఆదివాసీ సంఘాలన్నీ ఒక్కటై కదిలాయి. ఆ ఒత్తిడికి 2005 డిసెంబరు 13న అప్పటి గిరిజన వ్యవహారాల మంత్రి పి.ఆర్. కిండియా అటవీ హక్కుల బిల్లుని పార్లమెంటులో పెట్టారు. ఆ బిల్లుని పరిశీలించడానికి ఉభయ సభల సంయుక్త కమిటీ వేశారు. దానికి ఛైర్మన్ కిశోర్ చంద్రదేవ్.

మొదట పెట్టిన బిల్లు ఎలా ఉందో తెలిస్తే ఆ కమిటీ పని విలువ తెలుస్తుంది. బిల్లు ప్రకారం 1980 అక్టోబరు 25కి ముందు నుంచి సాగులో ఉన్నవాళ్లకే హక్కు. ఆలోచించండి, పాతికేళ్ల కిందట నేనీ భూమి దున్నాను అని ఒక సవర తాత ఏ కాగితంతో రుజువు చేస్తాడు? 1980 తర్వాత పెళ్లయి వేరుపడి పోడు కొట్టుకున్నవాడి సంగతేంటి? ఇంకొకటి, ఇచ్చే భూమి రెండున్నర హెక్టార్లకి మించకూడదు. ఎస్టీలు కానివాళ్లు, తరాలుగా అడవినే నమ్ముకున్న పేదలు, వాళ్లకి అసలు చోటే లేదు.

కమిటీ 2006 మే నెలలో నివేదిక ఇచ్చింది. గడువు తేదీని 1980 నుంచి 2005 డిసెంబరు 13కి, అంటే బిల్లు సభలో పెట్టిన రోజుకి, జరపమంది. ఎస్టీలతోపాటు ఇతర సాంప్రదాయ అటవీవాసుల్ని కూడా చేర్చమంది. హక్కులు తేల్చడంలో గ్రామసభకి బలం ఇవ్వమంది. నివేదికలో ఉన్నదంతా ప్రభుత్వం ఒప్పుకోలేదు. బేరాలు జరిగాయి, వామపక్షాలు పట్టుబట్టాయి, బయట ఆదివాసీ సంఘాలు ధర్నాలు చేశాయి. చివరికి 2006 డిసెంబరులో పార్లమెంటు పాస్ చేసిన చట్టంలో గడువు తేదీ 2005 డిసెంబరు 13 అయింది, భూమి పరిమితి నాలుగు హెక్టార్లు అయింది, అంటే మన లెక్కలో దాదాపు పది ఎకరాలు. చట్టం పేరులోనే ఇతర అటవీవాసులు చేరారు. ఆ చట్టం మొదట్లోనే ఆదివాసీలకి "చారిత్రక అన్యాయం" జరిగిందని రాసి ఉంది. మన మీద కేసులు పెట్టిన ప్రభుత్వమే తప్పు తనదని చట్టంలో రాసుకుందన్నమాట. ఆ రెండు ముక్కలు చదివినప్పుడు మా రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఈ చట్టం ఆయన ఒక్కడి గొప్ప అని మేం అనడం లేదు. లాఠీ దెబ్బలు తిన్నవాళ్లది, ఢిల్లీ వీధుల్లో కూర్చున్నవాళ్లది, లేవిడిలో పడిపోయినవాళ్లది మొదటి వాటా. కానీ కమిటీ గదిలో కూర్చుని వాక్యం వాక్యం మార్చేవాడు కూడా ఒకడు కావాలి కదా. అక్కడ కూర్చున్నాయన మన సీటు నుంచి వెళ్లినాయన. ఉద్యమం బయట తలుపు తడుతుంటే లోపల గడియ తీసే మనిషి ఉండటం చిన్న సంగతి కాదు.

2009 నాటికి నియోజకవర్గాలు మారాయి. పార్వతీపురం లోక్‌సభ సీటు పోయి అరకు ఎస్టీ సీటు వచ్చింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా, అప్పటి నాలుగు జిల్లాల ఏజెన్సీ ఒక్క సీటు కిందికి వచ్చింది. అక్కడ ఆయన సీపీఎం నాయకుడు మిడియం బాబూరావు గారి మీద గెలిచారు. 2011 జూలైలో కేంద్ర క్యాబినెట్‌లో గిరిజన వ్యవహారాలు, పంచాయతీరాజ్ శాఖల మంత్రి అయ్యారు.

మంత్రిగా చేసినవాటిలో మనకి బాగా పనికొచ్చేది 2012 సెప్టెంబరు 6న అటవీ హక్కుల నియమాలకి చేసిన సవరణ. ఇది చాలామందికి తెలియదు, అందుకే విడమరిచి చెబుతాం.

అప్పటిదాకా చాలాచోట్ల గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టేవాళ్లు. మన పంచాయతీల సంగతి మీకు తెలుసు కదా. పది, పదిహేను గూడేలు కలిపి ఒక పంచాయతీ. కొండ పైనున్న గూడెం వాళ్లు దిగి వచ్చేసరికి సంతకాలు అయిపోయేవి. 2012 సవరణ గూడేల్ని, పంచాయతీ జాబితాలో లేని ఆవాసాల్ని కూడా గుర్తించమంది, అక్కడే గ్రామసభ పెట్టుకోవచ్చని తేల్చింది. గ్రామసభ ఎన్నుకునే అటవీ హక్కుల కమిటీలో పది నుంచి పదిహేను మంది ఉండాలి, వాళ్లలో మూడింట రెండొంతులు ఎస్టీలు, మూడింట ఒకవంతు ఆడవాళ్లు ఉండాలి. గ్రామసభకి ఊరి సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా దరఖాస్తుదారుకి చెప్పాలి. నచ్చకపోతే అరవై రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. శాటిలైట్ ఫోటోలో కనపడలేదు అని ఒక్క ముక్క రాసి కొట్టేయడానికి లేదు. ఫోటో తోడు సాక్ష్యం మాత్రమే. ఊరి పెద్ద చెప్పి, రాసుకున్న వాంగ్మూలం కూడా సాక్ష్యమే.

ఇంకొకటి. వెదురు, అడ్డాకు, చింతపండు, తేనె లాంటి చిన్నతరహా అటవీ ఫలసాయం తీసుకెళ్లడానికి రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకే ఇచ్చారు. 2013లో అటవీ ఫలసాయానికి మద్దతు ధర పథకాన్ని కేంద్రం ఆమోదించింది, అది కూడా ఆయన శాఖ నుంచి వచ్చిందే. పంటకి మద్దతు ధర ఎప్పటి నుంచో ఉంది. కొండ మీద ఏరుకొచ్చిన దానికి దేశం మొత్తంలో మద్దతు ధర అన్న మాట రావడానికి 2013 దాకా పట్టింది.

ఇప్పుడు బాక్సైట్ సంగతి. పాడేరు, చింతపల్లి వైపు మన తమ్ముళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. 1997 జూలైలో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గనుల లీజుకి ఇవ్వకూడదు అని. దానికి ప్రభుత్వం ఒక దారి వెతికింది. తవ్వేది ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ, ఖనిజం మాత్రం ప్రైవేటు ఫ్యాక్టరీకి. 2005లో జిందాల్‌తో, 2007లో రస్ అల్ ఖైమాతో ఒప్పందాలు అయ్యాయి. రక్తకొండ, గాలికొండ, చిత్తమగొంది, జెర్రెల కొండల పేర్లు అప్పుడే పేపర్లలో పడ్డాయి. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్సే, ఢిల్లీలో కాంగ్రెస్సే.

మంత్రి అయ్యాక కిశోర్ చంద్రదేవ్ గారు సొంత పార్టీ ప్రభుత్వం చేసిన ఆ ఒప్పందాల్ని తప్పుబట్టారు. 2012లో గవర్నర్‌కి లేఖ రాసి లీజులు రద్దు చేయమన్నారు. ఆధారం ఏంటంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు. షెడ్యూల్డ్ ప్రాంతాల శాంతి, మంచి పాలన కోసం గవర్నర్‌కి ప్రత్యేక అధికారాలున్నాయి. ఆ అధికారాలు పుస్తకంలో ఉన్నాయి తప్ప వాడినవాళ్లు తక్కువ. వాడండి అని ఒక కేంద్రమంత్రి గవర్నర్‌ని అడగడం అరుదు. రాష్ట్రంలోని ఆయన పార్టీవాళ్లకే అది రుచించలేదు. లీజులు అప్పుడు రద్దు కాలేదు. అయినా "ఐదో షెడ్యూలు" అనే మాట మన సంతల్లో, మన ధర్నాల్లో, మన నోళ్లలో ఇంకా గట్టిగా నాటుకుంది.

పక్కనే ఒడిశా రాయగడ వైపు నియమగిరి కొండ ఉంది. మన జాతాపుల పాత భాష కువి, అక్కడి డోంగ్రియా కోందుల మాట కూడా కువే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ తవ్వాలో వద్దో గ్రామసభలే చెప్పాలంది. ఒడిశా ప్రభుత్వం పన్నెండు పల్లెల్ని ఎంచింది. కొండని నమ్ముకున్న ఊళ్లన్నింటినీ అడగాలి, పన్నెండుతో సరిపెట్టకూడదు అని కిశోర్ చంద్రదేవ్ గారి శాఖ వాదించింది. ఆ వాదన నెగ్గలేదు. కానీ ఆ పన్నెండు పల్లెలూ ఒక్కటి తప్పకుండా "వద్దు" అన్నాయి. 2006 చట్టంలో గ్రామసభకి ఇచ్చిన బలం అక్కడ కళ్లెదుట కనపడింది.

ఇన్ని మంచి మాటలు చెప్పాం కాబట్టి రెండోవైపు కూడా చెప్పాలి, లేకపోతే ఇది పొగడ్త అవుతుంది తప్ప చరిత్ర అవదు.

2005లో, 2007లో బాక్సైట్ ఒప్పందాలు జరిగిన నాడు ఆయన అధికార పార్టీ ఎంపీయే. ఈ ప్రశ్న వేసేవాళ్లకి ఆ హక్కు ఉంది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రలో కాంగ్రెస్‌కి ఒక్క సీటు కూడా రాలేదు, అరకులో ఆయన కూడా ఓడిపోయారు, వైసీపీ నుంచి కొత్తపల్లి గీత గెలిచారు. 2015 నవంబరులో టీడీపీ ప్రభుత్వం జీవో 97 ఇచ్చి బాక్సైట్‌ని మళ్లీ కదిలించింది. ఏజెన్సీ అంతా భగ్గుమంటే దాన్ని పక్కన పెట్టింది. 2019 ఎన్నికల ముందు కిశోర్ చంద్రదేవ్ గారు చేరింది ఆ టీడీపీలోనే. అరకులో ఆయన టీడీపీ అభ్యర్థి, ఆయన కూతురు శ్రుతీదేవి గారు కాంగ్రెస్ అభ్యర్థి. తండ్రీ కూతుళ్లు ఒకే సీటుకి ఎదురెదురు. ఇద్దరూ ఓడిపోయారు. గెలిచింది వైసీపీ నుంచి నిలబడ్డ గొడ్డేటి మాధవి, అంతకుముందు పీఈటీ టీచరుగా పనిచేసిన అమ్మాయి. గనుల మీద అంత గట్టిగా రాసిన మనిషి ఆ జీవో ఇచ్చిన పార్టీలోకి ఎలా వెళ్లారు అని మా రూములో అందరం అడుక్కున్నాం. మాకు జవాబు దొరకలేదు. బాక్సైట్ లీజుల రద్దు చివరికి 2019లో వచ్చిన వైసీపీ ప్రభుత్వంలో జరిగింది. అంటే కాంగ్రెస్, టీడీపీ, వైసీపీ మూడూ ఈ కథలో ఉన్నాయి. అన్ని ప్రభుత్వాల కాలంలోనూ మారకుండా నిలబడింది మాత్రం కొండ మీది జనమే.

ఇంకో సంగతి. 1977 నుంచి 2014 దాకా ముప్పై ఏడేళ్లలో ఐదుసార్లు లోక్‌సభ, ఒకసారి రాజ్యసభ. అంత పొడవైన ప్రయాణంలో ఆయన ఊళ్లకి రోడ్డు ఎన్ని తెచ్చారు, ఎన్నిసార్లు కొండెక్కారు అని మన పెద్దవాళ్లు అడుగుతారు. ఇప్పటికీ గర్భిణిని డోలీలో మోసుకెళ్లే గూడేలు మన మన్యంలో ఉన్నాయి. ఢిల్లీలో ఎంత మంచి వాక్యం రాసినా డోలీ మోసేవాడి భుజానికి అది కనపడదు. ఇది ఆయన ఒక్కడి తప్పు కాదు, కానీ మన సీటులో గెలిచిన ప్రతి ఒక్కరికీ వేయాల్సిన ప్రశ్నే.

మరి మా వాదన ఎక్కడ తేలింది?

ఆ రాత్రి మాలో ఒకరు ఫోన్ తీసి ఒక ఫోటో చూపించారు. వాళ్ల తాతకి వచ్చిన అటవీ హక్కు పత్రం. సాగులో ఉన్నది నాలుగెకరాల చిల్లర. పత్రంలో రాసింది ఎకరా ఇరవై సెంట్లు. మిగతాది ఎందుకు రాలేదని అడిగితే ఆఫీసులో ఎవరూ కాగితం మీద జవాబివ్వలేదు, "వచ్చిందానికి సంతోషించు" అన్నారట. తాతకి చదువు రాదు. గ్రామసభ పెట్టినట్టు రిజిస్టరులో ఉంది, తాతకి మాత్రం ఆ సభ సంగతే తెలియదు. అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చన్న ముక్క ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. చదువుకుంటున్న మనవడికీ తెలియదు. పత్రం ట్రంకుపెట్టెలో పెట్టి, పండగకి తీసి పసుపు బొట్టు పెడుతున్నారు.

అది విన్నాక వాదన ఆగిపోయింది. రాజుగారు మనవాడా కాదా అని మేం కొట్టుకుంటున్నాం గానీ, ఆయన ఉన్న కమిటీ రాసిన తేదీ, ఆయన శాఖ రాసిన నియమం మన ఇంట్లో ట్రంకుపెట్టెలోనే మూలుగుతున్నాయి. ఆయన కోటలో పుట్టారు, అది ఆయన చేతిలో లేదు. మనం గూడెంలో పుట్టాం, అదీ మన చేతిలో లేదు. చట్టం చదవడం మాత్రం మన చేతిలోనే ఉంది. మన పెద్దవాళ్లు రాజుగారి మాట విని ఓటేశారు. మనం రాజుగారి పేరు పక్కనపెట్టి చట్టం మాట చదవాలి. ఆయనకి మనం ఇచ్చే గౌరవం కూడా అదే, ఆయన్ని మనం అడిగే లెక్క కూడా అదే. మా రూములో తేలింది ఇంతే.

2019 ఫిబ్రవరి గుర్తుందా? దరఖాస్తులు తిరస్కరణకి గురైనవాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు 13న ఉత్తర్వు ఇచ్చింది. దేశమంతా గొడవ అయ్యాక అదే నెల 28న దాన్ని ఆపింది. ఆ పదిహేను రోజులు ఎంతమంది ఇళ్లలో నిద్ర పట్టలేదో. తిరస్కరణ అనేది ఒక ముద్ర కాదు, ఒక ఇంటి నేల. అది కారణం రాయకుండా వేసిన తిరస్కరణ అయితే ప్రశ్నించే హక్కు మనకుంది.

కాబట్టి సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు ఒక్క పని చేద్దాం. మీ ఇంట్లో పత్రం ఉంటే తీసి చదవండి. ఎకరాలెంత రాశారు, హద్దులేంటి, అమ్మ పేరు కూడా ఉందా చూడండి. పెళ్లయినవాళ్లకి భార్యాభర్తలిద్దరి పేరు మీదే ఇవ్వాలని చట్టంలోనే ఉంది. మీ గూడెంలో అటవీ హక్కుల కమిటీ ఉందా, అందులో ఎవరున్నారు, ఆడవాళ్లు ఎంతమంది కనుక్కోండి. గ్రామసభ రిజిస్టరు ఎవరి దగ్గరుందో అడగండి. చూపించకపోతే గట్టిగా అడగండి, కానీ మర్యాదగా, పెద్దల్ని వెంటబెట్టుకుని. ఊరి ఉమ్మడి అడవి మీద సామూహిక హక్కు కోసం దరఖాస్తు పెట్టారా లేదా చూడండి. చాలా ఊళ్లలో సొంత భూమికి పెట్టారు గానీ ఉమ్మడి అడవికి పెట్టలేదు. తెలుసుకున్నది ఈ గ్రూపులో రాయండి. ఒక ఊరు రాస్తే పక్క ఊరు మేలుకుంటుంది.

మా రూములో ఆ ఫోటో చూపించిన తమ్ముడు ఈ సెలవులకి తాతని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్తానంటున్నాడు. మేం నలుగురం కూడా వెళ్తాం. అరవై రోజులు ఎప్పుడో దాటిపోయాయి, ఏం చెబుతారో తెలియదు. కానీ తాతకి ఎకరా ఇరవై సెంట్లే ఎందుకొచ్చిందో కారణం కాగితం మీద రాసిమ్మని అడుగుతాం. వాళ్లు ఏం రాసిచ్చారో, లేదా ఏం రాయలేదో, తిరిగొచ్చాక ఇక్కడే రాస్తాం.

జై ఆదివాసీ.